వలేరి పొపెంచెంకో: చేతులు దించి నిలబడ్డ బాక్సర్
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో బాక్సింగ్ నేర్చుకుంటున్న పిల్లలు కూర్చున్నారు, వెనక వాళ్ళ అమ్మానాన్నలున్నారు, ఆ పక్కన కోచ్‌లున్నారు. ముగ్గురికీ పనికొచ్చే మనిషి ఎవరా అని ఆలోచిస్తే నాకు ముందుగా గుర్తొచ్చిన పేరు వలేరి పొపెంచెంకో. రష్యన్. సోవియట్ యూనియన్ తరఫున ఆడాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో మిడిల్‌వెయిట్, అంటే 75 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచాడు. అదే ఒలింపిక్స్‌లో వాల్ బార్కర్ ట్రోఫీ కూడా ఆయనకే ఇచ్చారు. ఒక ఒలింపిక్స్‌లో ఆడిన బాక్సర్లందరిలోకీ ఎవరి ఆట మేలైనదో చూసి, ఆ ఒక్కడికి ఇచ్చే కప్పు అది. 1936 నుంచి ఇస్తున్నారు. సోవియట్ యూనియన్ ఉన్నన్నాళ్ళూ ఆ దేశం నుంచి ఆ కప్పు అందుకున్నది పొపెంచెంకో ఒక్కడే.

ఆయన మొత్తం 213 పోటీలు ఆడి 200 గెలిచాడు. లెక్క వినడానికి బాగుంటుంది. కానీ నేనివాళ మాట్లాడాలనుకున్నది ఆ గెలుపుల గురించి కాదు. ఆ మనిషి నిలబడే తీరే తప్పని ఏళ్ళ తరబడి పెద్దపెద్దవాళ్ళు అన్నారు. పెద్ద పోటీలకు జట్టు కట్టేటప్పుడు పక్కన పెట్టారు. ఆయన తన తీరు మార్చుకోలేదు. అలాగని మొండికేసి కూర్చోనూ లేదు. అదే తీరును ప్రతి ఏడూ ఇంకాస్త సానబెట్టుకుంటూ పోయాడు. ఆ సానబెట్టడం ఎలా జరిగిందో తెలుసుకోవాలి. అది తెలియకపోతే మిగిలినదంతా పతకాల జాబితా.

ఆయన 1937 ఆగస్టు 26న మాస్కోను ఆనుకుని ఉన్న కున్‌త్సెవోలో పుట్టాడు. ఇప్పుడది మాస్కోలో కలిసిపోయింది. తండ్రి సైన్యంలో విమానం నడిపేవాడు, యుద్ధంలో పోయాడు. తల్లి ఒక్కతే పెంచింది. యుద్ధం అయ్యాక ఆ దేశంలో అలాంటి ఇళ్ళు లక్షల్లో ఉండేవి. తండ్రి లేని పిల్లల కోసమని 1943 నుంచి సువోరోవ్ సైనిక పాఠశాలలని పెట్టారు. తిండి, బట్ట, చదువు అన్నీ ప్రభుత్వానివే. క్రమశిక్షణ మాత్రం సైన్యంలో ఉన్నట్టే ఉండేది. 1949లో పన్నెండేళ్ళ వలేరిని తల్లి అలాంటి బడిలోనే చేర్పించింది. అది ఎక్కడుందో చూడండి: తాష్కెంట్‌లో, అంటే ఇప్పటి ఉజ్బెకిస్తాన్ రాజధానిలో. మాస్కో పిల్లవాడు మధ్య ఆసియా ఎండల్లోకి వెళ్ళి పడ్డాడు.

తాష్కెంట్ పేరు వినగానే మన నిజామాబాద్ పిల్లలకు ఒక సంగతి గుర్తు రావాలి. 2023లో పురుషుల ప్రపంచ బాక్సింగ్ పోటీలు జరిగింది తాష్కెంట్‌లోనే. నిజామాబాద్ హుసాముద్దీన్ 57 కిలోల్లో కాంస్యం తెచ్చింది అక్కడి నుంచే. మోకాలి గాయంతో సెమీఫైనల్ ఆడలేకపోయాడు గానీ, ఆ పతకం మన ఇంటికొచ్చింది. ఆ ఊళ్ళో బాక్సింగ్‌కు పాత వేళ్ళున్నాయి. పొపెంచెంకో మొదటిసారి గ్లవ్స్ తొడుక్కుంది కూడా అక్కడే, ఆ సైనిక పాఠశాలలోనే. అక్కడ మతులేవిచ్ అనే కోచ్ ఉండేవాడు. పిల్లవాడిలో పట్టుదల చూసి చేరదీశాడు.

అమ్మానాన్నలు ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. 1955లో పొపెంచెంకో సోవియట్ జూనియర్ చాంపియన్ అయ్యాడు. అదే 1955లో ఆ బడి చదువు బంగారు పతకంతో ముగించాడు. ఆ దేశంలో బడి చదువుకు బంగారు పతకమంటే పైతరగతుల్లో అన్ని సబ్జెక్టుల్లోనూ పై మార్కులు రావాలి. ఒకే ఏడాది రెండూ జరిగాయి. ఆట వల్ల చదువు ఆగలేదు, చదువు వల్ల ఆటా ఆగలేదు. ఎలా కుదిరిందంటే, సైనిక పాఠశాలలో పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ప్రతి పనికీ గంట కొడతారు. ప్రాక్టీసు గంటలో ప్రాక్టీసు, పుస్తకం గంటలో పుస్తకం. ఆ అలవాటు ఆయనను జీవితాంతం వదల్లేదు.

అక్కడి నుంచి లెనిన్‌గ్రాడ్, అంటే ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళాడు. సరిహద్దు దళాలకు నావికా అధికారులను తయారుచేసే ఉన్నత విద్యాసంస్థలో సీటొచ్చింది. సరిహద్దు దళాలు, పోలీసు శాఖల వాళ్ళు ఆడే క్రీడా సంఘం డైనమో. అలా ఆయన డైనమో బాక్సరయ్యాడు. లెనిన్‌గ్రాడ్ డైనమోలో గ్రిగొరీ కుసికియాంట్స్ అనే కోచ్ చేతిలో పడ్డాడు. నన్నడిగితే ఈ కథలో సగం కుసికియాంట్స్‌ది.

ఎందుకో చెప్పాలంటే ముందు పొపెంచెంకో రింగ్‌లో ఎలా నిలబడేవాడో చెప్పాలి.

పిల్లలూ, మీకు మొదటి రోజు మీ కోచ్ ఏం నేర్పారు? ఎడమ కాలు ముందు, మోకాళ్ళు కాస్త వంచి, గడ్డం లోపలికి, రెండు చేతులూ పైన, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా. అంతేనా? అప్పటి సోవియట్ పాఠ్యపుస్తకాల్లోనూ అదే. వాళ్ళు బాక్సింగ్‌ను చాలా పద్ధతిగా పట్టుకున్నారు. మాస్కోలోని శారీరక విద్యా సంస్థలో బాక్సింగ్‌కు ప్రత్యేకంగా ఒక శాఖే ఉండేది. కాన్‌స్టాంటిన్ గ్రదొపోలొవ్ అని, స్వయానా బాక్సరైన ప్రొఫెసర్, దానికి పునాది వేశాడు. పంచ్ వేసేటప్పుడు బరువు ఏ కాలి మీంచి ఏ కాలి మీదికి మారాలో బొమ్మలు గీసి చెప్పేవాళ్ళు. మంచి చదువే అది. వందల మంది బాక్సర్లను తయారుచేసింది.

పొపెంచెంకో ఆ బొమ్మలో ఇమిడేవాడు కాదు. తల నిటారుగా పెట్టి, ఛాతీ విప్పి, చేతులు కిందికి వదిలి నిలబడేవాడు. చూసేవాళ్ళకు గార్డే, అంటే మొహానికి అడ్డుగా పట్టే చేతులే లేవనిపించేది. దూరం నుంచి ఒక్క ఉదుటున లోపలికొచ్చి కింది నుంచి కొట్టేవాడు. అది పక్క నుంచి చెయ్యి వంచి కొట్టే హుక్కూ కాదు, కింద నుంచి పైకి లేపి కొట్టే అప్పర్‌కట్టూ కాదు, రెండింటికీ మధ్యలో ఏదో. "మొరటు ఆట" అన్నారు. ఇది దేశం లోపల నడుస్తుంది గానీ బయటికెళితే మంచి టెక్నిక్ ఉన్నవాడు ఎవడైనా విప్పేస్తాడన్నారు.

ఆ మాటలు పూర్తిగా తీసిపారేయడానికి లేదు. చేతులు కిందుంటే గడ్డం ఖాళీ. ఎదుటివాడు జాబ్, అంటే ముందు చేత్తో సూటి దెబ్బ విసిరితే ఆపడానికి చెయ్యి పైకి రావాలి, దానికి సమయం పడుతుంది. ఆ సమయంలో దెబ్బ తగిలిపోతుంది. ఇది లెక్క. ఈ లెక్కను కాదనలేం.

కానీ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. కుసికియాంట్స్ చూసింది ఆ వైపు. ఒకటి, దూరం. పొపెంచెంకో ఎప్పుడూ ఎదుటివాడి చెయ్యి అందే దూరానికి ఒక అరడుగు అవతల నిలబడేవాడు. అక్కడ నిలబడ్డవాడికి చేతులు పైన ఉన్నా కిందున్నా ఒకటే, జాబ్ చేరదు. చేరాలంటే ఎదుటివాడు అడుగు ముందుకెయ్యాలి. అడుగు పడిన క్షణంలో వాడి బరువంతా ముందు కాలి మీద ఉంటుంది, వెనక్కి పోలేడు. సరిగ్గా ఆ క్షణమే పొపెంచెంకోకు కావాల్సింది. రెండు, పంచ్ వచ్చే దారి. గడ్డం దగ్గర నుంచి బయల్దేరే పంచ్ ఎదుటివాడి కళ్ళ ముందే బయల్దేరుతుంది. నడుం దగ్గర నుంచి లేచే పంచ్ వాడి చూపుకు కింద నుంచి వస్తుంది. కనపడేసరికి ఆలస్యమైపోతుంది. మూడు, భుజాలు. చేతులు పైకి పట్టుకుని మూడు రౌండ్లూ కలిపి తొమ్మిది నిమిషాలు ఉండటం ఎంత కష్టమో మీకు తెలుసు. మూడో రౌండ్‌కు భుజాలు రాళ్ళవుతాయి. చేతులు వదిలి నిలబడేవాడి భుజాలు అలసిపోవు, దెబ్బ బరువు తగ్గదు.

ఇన్ని లాభాలున్నా ఒక షరతుంది: కాళ్ళు. ఆ అరడుగు దూరాన్ని తొమ్మిది నిమిషాలూ కాపాడుకోగలిగే కాళ్ళుండాలి. ఎదుటివాడు తోసుకొస్తే వెనక్కి, పక్కకి జరిగే కాళ్ళుండాలి. కుసికియాంట్స్ ఆయన చేతుల్ని పైకెత్తించే ప్రయత్నంలో ఏళ్ళు పాడుచెయ్యలేదు. ఆ ఒంటికి ఆ నిలబడే తీరు సహజం, దాన్ని చెడగొడితే మిగిలేది ఒక మామూలు బాక్సర్ అని కనిపెట్టాడు. ఆ తీరుకు కావలసిన దూరం, సమయం, ఒంటి సత్తువ వీటి మీద పనిచేశాడు. మేస్త్రీ వంకర రాయి దొరికితే దాన్ని చెక్కి పారెయ్యకుండా ఆ వంకరకు తగ్గ చోటు గోడలో వెతుకుతాడు చూడండి, ఆ పని చేశాడాయన.

పిల్లలూ, ఇది విని రేపు పొద్దున ప్రాక్టీసులో చేతులు దించేసి నిలబడకండి. పొపెంచెంకో ముందు ఆరేళ్ళు తాష్కెంట్‌లో మూలాలు నేర్చుకున్నాడు. ఏ నియమం ఎందుకుందో తెలిసిన తర్వాతే దాన్ని పక్కన పెట్టాడు. మీ కోచ్ గార్డ్ పైకెత్తమంటే ఎత్తండి.

లెనిన్‌గ్రాడ్‌లో అప్పటికే ఒక పెద్ద పేరుంది. గెన్నాదీ షాట్కోవ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇదే మిడిల్‌వెయిట్‌లో బంగారు పతకం ఆయనది. రింగ్‌లో చక్కగా, తెలివిగా ఆడేవాడు. బయట న్యాయశాస్త్రం చదివి, అందులోనే పరిశోధన చేసి, లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయంలో పెద్ద బాధ్యతలు చూశాడు. అంటే పొపెంచెంకో ఎదుగుతున్న ఊళ్ళో, అదే బరువులో, ఒలింపిక్ చాంపియనూ చదువరీ అయిన మనిషి కళ్ళెదుట ఉన్నాడు. కుర్రవాడికి అంతకన్నా ఏం కావాలి? కానీ అలాంటివాడు ఉన్నచోట జాతీయ జట్టులో చోటు దొరకడం కూడా అంతే కష్టం.

1959లో పొపెంచెంకో మొదటిసారి సోవియట్ చాంపియన్ అయ్యాడు. మరుసటి ఏడు రోమ్ ఒలింపిక్స్. సరిగ్గా ఆ ఏడే పట్టం చేజారింది. 1959 ఒకసారి, 1961 నుంచి 1965 దాకా వరసగా అయిదుసార్లు, మొత్తం ఆరుసార్లు జాతీయ చాంపియన్ అయిన మనిషికి ఖాళీగా మిగిలిపోయిన ఒకే ఒక్క సంవత్సరం 1960. అది ఒలింపిక్ సంవత్సరం కావడం ఎంత బాధో ఆటగాళ్ళకు చెప్పనక్కర్లేదు. రోమ్‌కు మిడిల్‌వెయిట్‌లో యెవ్‌గెనీ ఫియోఫనోవ్ వెళ్ళి కాంస్యం తెచ్చాడు. షాట్కోవ్‌ను ఒక విభాగం పైకి, 81 కిలోలకు పంపారు. క్వార్టర్‌ఫైనల్‌లో ఆయనకు ఎదురైంది పద్దెనిమిదేళ్ళ అమెరికన్ కుర్రాడు కాషియస్ క్లే. అవును, తర్వాత మహమ్మద్ అలీ అయినవాడు. షాట్కోవ్ ఓడిపోయాడు. ఆరు కిలోల తేడా, ఆ పొడుగు, ఆ వేగం, ఏం చెయ్యగలడు?

ఇంట్లో కూర్చున్న పొపెంచెంకో ఏం చేశాడన్నది నాకు ముఖ్యం. చేతులు పైకెత్తలేదు. 1961లో మళ్ళీ జాతీయ చాంపియన్. 62లో మళ్ళీ. అయినా అనుమానం పోలేదు. దేశంలో గెలవడం వేరు, బయట గెలవడం వేరన్నారు. అప్పుడు 1963లో యూరోపియన్ చాంపియన్‌షిప్ మాస్కోలోనే పెట్టారు. సొంత ఊరు, సొంత జనం, అనుమానించినవాళ్ళంతా గ్యాలరీలో. ఫైనల్‌లో రొమేనియా బాక్సర్ ఇయోన్ మోనియా. మోనియా తక్కువవాడు కాదు, రోమ్‌లో ఇదే బరువులో కాంస్యం గెలిచినవాడు. పొపెంచెంకో గెలిచాడు. ఆ తర్వాత ఆయన నిలబడే తీరు గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

ఇక టోక్యో. 1964 అక్టోబర్. అప్పటి పోటీ ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. హెడ్‌గార్డ్ లేదు, ఒలింపిక్స్‌లో అది 1984లో వచ్చింది. మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు. రింగ్ చుట్టూ అయిదుగురు జడ్జిలు కాగితం మీద మార్కులేసేవాళ్ళు. స్కోరు తెర మీద కనపడదు. మూడో రౌండ్ అయ్యేదాకా ఎవరు ముందున్నారో బాక్సర్‌కు తెలియదు. రిఫరీ చెయ్యి ఎవరిది ఎత్తితే వాడు గెలిచినట్టు. జడ్జిల కళ్ళకు నీటైన ఆట నచ్చుతుందన్న భయం అందరికీ ఉండేది. మొరటోడని పేరు పడ్డ పొపెంచెంకోకు ఆ భయం ఇంకొంచెం ఎక్కువే ఉండి ఉండాలి.

వరసగా చూడండి. మొదట పాకిస్తాన్ బాక్సర్ సుల్తాన్ మహమూద్. తర్వాత ఘనా నుంచి జో డార్కీ. సెమీఫైనల్‌లో ఇటలీ ఫ్రాంకో వాలే. ముగ్గురినీ దాటాడు. ఫైనల్ అక్టోబర్ 23న. ఎదురుగా ఎమిల్ షుల్జ్. రెండు జర్మనీలూ కలిసి పంపిన ఉమ్మడి జట్టు నుంచి వచ్చినవాడు.

ఒలింపిక్ ఫైనల్ సాధారణంగా ఎలా సాగుతుంది? మొదటి రౌండ్‌లో ఇద్దరూ ఒకరినొకరు తడుముకుంటారు. జాబ్ వేసి వెనక్కి, జాబ్ వేసి వెనక్కి. తప్పు చేయకూడదన్న జాగ్రత్త. అమెరికా హెవీవెయిట్ జో ఫ్రేజియర్ ఫైనల్ అదే రోజు జరిగింది, మూడు రౌండ్లూ సాగి 3–2 తేడాతో తేలింది. పొపెంచెంకో ఫైనల్ మొదటి రౌండ్ దాటలేదు. షుల్జ్ దెబ్బ తిన్నాడు, తేరుకోలేకపోయాడు, రిఫరీ పోటీ ఆపేశాడు. జడ్జిల కాగితాలతో పనే పడలేదు. నీటుగా ఉందా మొరటుగా ఉందా అని ఎవరూ లెక్క వెయ్యాల్సిన అవసరం లేకుండా ముగించాడు.

ఆ తర్వాత ఇచ్చిందే వాల్ బార్కర్ ట్రోఫీ. ఆ కప్పు ఇచ్చేది శైలికి, టెక్నిక్‌కు. దాని చరిత్ర చూడండి: 1956లో స్కాట్లండ్ బాక్సర్ డిక్ మెక్‌టాగర్ట్‌కు ఇచ్చారు. 1960లో ఇటలీ నీనో బెన్వెనూటీకి, అంటే క్లే ఉన్న ఒలింపిక్స్‌లో క్లేను కాదని. కళ్ళకు ఇంపుగా ఆడేవాళ్ళ వరస అది. ఆ వరసలో 1964లో చేరిన పేరు పొపెంచెంకో. ఏ శైలిని తప్పన్నారో ఆ శైలికే కప్పు. నాకు ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

సోవియట్ జట్టు మొత్తానికి కూడా టోక్యో పండగే. పది విభాగాల్లో తొమ్మిది పతకాలు. మూడు బంగారు పతకాలు: స్తనిస్లావ్ స్తెపాష్కిన్, బోరిస్ లగుతిన్, పొపెంచెంకో. లగుతిన్ గురించి వేరే ఒక సాయంత్రం మాట్లాడుకోవాలి. 1960లో కాంస్యం, 64లో బంగారం, 68లో మళ్ళీ బంగారం. హెవీవెయిట్‌లో వదీమ్ యెమెల్యానోవ్ సెమీఫైనల్‌లో ఫ్రేజియర్ చేతిలో ఓడాడు. ఆ పోటీలోనే ఫ్రేజియర్ ఎడమ బొటనవేలు విరిగింది, ఎవరికీ చెప్పకుండా ఆ చేత్తోనే ఫైనల్ ఆడాడు. ఇంకో చిత్రం: వీళ్ళు టోక్యోకు బయల్దేరినప్పుడు దేశాధినేత క్రుశ్చేవ్. ఒలింపిక్స్ మధ్యలో అక్టోబర్ 14న ఆయన్ను దించేశారు. పతకాలతో తిరిగొచ్చేసరికి బ్రెజ్నేవ్ ఉన్నాడు.

ఫ్రేజియర్ ప్రస్తావన ఊరికే తేలేదు. ఒకే రోజు, ఒకే రింగ్‌లో గెలిచిన ఇద్దరు. ఫ్రేజియర్ ఫిలడెల్ఫియాలో కబేళాలో పనిచేసేవాడు. ఒలింపిక్ పతకం ఆయనకు డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి తలుపు. వెళ్ళాడు, ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు, 1971లో అలీని ఓడించాడు. పొపెంచెంకోకు ఆ తలుపే లేదు, వాళ్ళ దేశంలో ప్రొఫెషనల్ బాక్సింగ్ లేదు. ఆయన తిరిగొచ్చి మరో ఏడాది ఆడాడు. 1965లో బెర్లిన్‌లో రెండోసారి యూరోపియన్ చాంపియన్, ఆరోసారి జాతీయ చాంపియన్. అక్కడితో ఆపేశాడు. అప్పటికి వయసు 28. ఎవరూ ఓడించి పంపలేదు.

ఆపేసి ఏం చేశాడు? పుస్తకాల ముందు కూర్చున్నాడు. సాంకేతిక శాస్త్రంలో పరిశోధన పూర్తిచేసి, 1968లో సిద్ధాంత వ్యాసం సమర్పించి, మన పీహెచ్‌డీతో సమానమైన పట్టా తీసుకున్నాడు. గౌరవం కోసం ఇచ్చిన పట్టా కాదది, ఇంజనీరుగా చదివి సంపాదించుకున్నది. తర్వాత మాస్కో వచ్చి, ఆ దేశంలో ఇంజనీరింగ్‌కు తలమానికమైన బౌమన్ సంస్థలో శారీరక విద్యా శాఖకు అధిపతి అయ్యాడు. రాకెట్ల శాస్త్రవేత్త కొరొల్యోవ్ చదివింది అక్కడే.

అమెచ్యూర్, అంటే డబ్బు కోసం కాక ఆట కోసమే ఆడేవాడు అనే మాట మీద అప్పట్లో పెద్ద గొడవ ఉండేది. పడమటి దేశాలవాళ్ళు అనేవాళ్ళు: సోవియట్ ఆటగాళ్ళు పేరుకే అమెచ్యూర్లు, సైన్యంలో ఉద్యోగం చూపించి, జీతమిచ్చి, రోజంతా ఆటే ఆడిస్తున్నారని. ఆ మాటలో చాలా నిజముంది. డైనమో లాంటి సంఘాల బలం అదే. పొపెంచెంకోకు కూడా యూనిఫాం ఉంది, జీతం ఉంది, కోచ్‌కు ఫీజు కట్టాల్సిన పని లేదు. ఫ్రేజియర్ కబేళాలో మాంసం మోసి వచ్చి ప్రాక్టీసు చేసే సమయానికి ఈయనకు విశ్రాంతి దొరికేది. పోటీ సమానం కాదన్నవాళ్ళను తప్పుపట్టలేం. అదే ఏర్పాటు కింద బతికినవాళ్ళు ఎందరో ఆ సమయాన్ని ఊరికే ఖర్చు పెట్టేశారు, ఆట అయిపోయాక ఏం చెయ్యాలో తోచక మిగిలిపోయారు. షాట్కోవ్ న్యాయశాస్త్రం, పొపెంచెంకో ఇంజనీరింగ్ చదివింది ఆ ఏర్పాటు చదవమన్నందుకు కాదు. అది సమయమిచ్చింది. ఆ సమయంలో ఏం చెయ్యాలో వాళ్ళు నిర్ణయించుకున్నారు.

ఆయన చివరి రోజు గురించి కూడా చెప్పాలి. 1975 ఫిబ్రవరి 15న, బౌమన్ సంస్థ భవనంలోనే, మెట్ల మధ్య ఖాళీలోంచి కింద పడి చనిపోయాడు. 37 ఏళ్ళు. దీని మీద రకరకాల పుకార్లు పుట్టాయి, ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటిని ఇక్కడ చెప్పను. ఒక తల్లి యుద్ధంలో భర్తను పోగొట్టుకుని, పన్నెండేళ్ళ కొడుకును అంత దూరం పంపి, ఆ కొడుకు ఒలింపిక్ చాంపియన్ కావడం చూసింది. మనసున్న ఎవరూ ఆ చావును కబుర్ల సరుకు చెయ్యకూడదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక కోచ్: ఇప్పుడున్న స్కోరింగ్‌లో చేతులు దించి ఆడే పద్ధతి పనికొస్తుందా సార్?)

మంచి ప్రశ్న. పొపెంచెంకో తర్వాత స్కోరింగ్ పద్ధతి రెండుసార్లు పెద్దగా మారింది. 1988 సియోల్‌లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్‌ను ఫైనల్‌లో ఓడినట్టు ప్రకటించాక ప్రపంచమంతా గోల చేసింది. 1992 నుంచి కంప్యూటర్ మిషన్లు పెట్టారు. దెబ్బ తగిలిందనుకుంటే జడ్జి బటన్ నొక్కాలి. అయిదుగురిలో ముగ్గురు ఒక్క సెకను లోపల నొక్కితేనే పాయింటు. అప్పుడు ఏమైందంటే, జడ్జిలకు స్పష్టంగా కనపడే నేరు పంచ్‌లకే విలువ. దగ్గరగా వెళ్ళి కింద నుంచి కొట్టే పంచ్ సగం మందికి కనపడదు, పాయింటు పడదు. ఒంటికి కొట్టే దెబ్బలైతే చాలావరకు లెక్కలోకే వచ్చేవి కాదు. ఆ రోజుల్లో పొపెంచెంకో ఆడి ఉంటే నాకౌట్ మీదే ఆధారపడాల్సి వచ్చేది. 2013 నుంచి మళ్ళీ రౌండ్‌కు పది మార్కుల పద్ధతి వచ్చింది, గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 లేదా తక్కువ. 2016 నుంచి పురుషులకు ఒలింపిక్స్‌లో హెడ్‌గార్డ్ కూడా తీసేశారు. కాబట్టి ఇప్పటి రింగ్ 1964 రింగ్‌కే దగ్గరగా ఉంది. ఇప్పుడు పనికొస్తుంది, కాళ్ళుంటే.

(ఒక విద్యార్థిని: ఆయన తర్వాత రష్యా నుంచి ఆ ట్రోఫీ ఎవరైనా గెలిచారా?)

గెలిచాడమ్మా, ఒలెగ్ సయితోవ్. వోల్గా నది వైపు, సమారా ప్రాంతంలోని నొవొకుయిబిషెవ్‌స్క్ ఊరివాడు. సోవియట్ యూనియన్ పోయి రష్యా సొంత జెండా కింద ఆడటం మొదలుపెట్టాక వచ్చిన మనిషి. 67 కిలోలు. 1996 అట్లాంటా ఫైనల్‌లో క్యూబా బాక్సర్ హువాన్ హెర్నాండెస్‌ను 14–9తో కొట్టాడు. క్యూబావాళ్ళను ఫైనల్‌లో కొట్టడమంటే ఆ రోజుల్లో మాటలు కాదు. 2000 సిడ్నీలో ఉక్రెయిన్ బాక్సర్ సెర్గెయ్ దోట్సెంకోను 24–17తో గెలిచి రెండో బంగారు పతకం తీసుకున్నాడు. అప్పుడే వాల్ బార్కర్ ట్రోఫీ కూడా ఇచ్చారు. పొపెంచెంకో తర్వాత 36 ఏళ్ళకు. నాలుగేళ్ళ తర్వాత ఏథెన్స్‌లో మూడోసారి వచ్చాడు. సెమీఫైనల్‌లో కజకిస్తాన్ కుర్రాడు బఖ్తియార్ అర్తాయెవ్ 20–18తో, రెండే రెండు పాయింట్ల తేడాతో ఆపాడు. ఆ అర్తాయెవ్‌కే ఆ ఏడు బంగారమూ, వాల్ బార్కర్ ట్రోఫీ రెండూ వచ్చాయి.

సయితోవ్ ఆట పొపెంచెంకో ఆటకు పూర్తిగా వేరు. నింపాదిగా, తూకం వేసినట్టు, మిషన్ ఏ దెబ్బకు పాయింటు ఇస్తుందో తెలిసి ఆడేవాడు. ఇద్దరివీ పాత వీడియోలు దొరుకుతాయి. మీ కోచ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. చేతుల్ని చూడకండి, ముందు కాళ్ళు చూడండి. పొపెంచెంకో షుల్జ్ మీద పోటీలో మొదటి దెబ్బకు ముందు ఎక్కడ నిలబడ్డాడో ఆపి ఆపి చూస్తే, నేను ఇందాక చెప్పిన అరడుగు దూరం ఏమిటో మీకే అర్థమవుతుంది.